తొలకరికి ముందే మూత తీయండి

2021 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా మైలవరంలో ఒక చిరువ్యాపారి తన ఇంట్లోని ట్రంకుపెట్టె మూత తీశాడు. సొంతిల్లు కట్టుకోవాలని ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము అందులో ఉంది. దాదాపు 5 లక్షల రూపాయలు. కట్టలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి కానీ నోట్లు మాత్రం జల్లెడలా తూట్లు పడ్డాయి. పెట్టెలో చెదలు పట్టాయి. ఆ చిల్లుల నోట్లను చేతుల్లో పట్టుకుని ఆ కుటుంబం కన్నీళ్లు పెట్టుకోవడం చూసి రాష్ట్రమంతా అయ్యో అనుకుంది.

డబ్బు బ్యాంకులో దాచుకోవలసింది కదా అని చాలామంది అన్నారు. నిజమే. కానీ చెదలకు ఇల్లూ బ్యాంకూ తేడా లేదు. అదే సంగతి అంతకు పదేళ్ల ముందు, 2011లో, ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో బయటపడింది. అక్కడ ఒక బ్యాంకు శాఖలో భద్రపరచిన సుమారు కోటి రూపాయల నోట్లను చెదలు తినేశాయి. మన నోట్ల కాగితం పత్తితో తయారవుతుంది. పత్తి అంటే సెల్యులోజు. కర్రలోనూ, కాగితంలోనూ, ఎండుగడ్డిలోనూ చెదలు వెతుక్కునేది ఆ సెల్యులోజునే. గాంధీగారి బొమ్మ ఉందా, తెల్లకాగితమా అన్నది వాటికి పట్టదు.

ఇలాంటి నష్టం జరిగినవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 50 రూపాయలు, అంతకు పైబడిన నోటులో 80 శాతానికి మించి మిగిలి ఉంటే బ్యాంకు పూర్తి విలువ ఇస్తుంది. 40 నుంచి 80 శాతం దాకా మిగిలితే సగం విలువ వస్తుంది. కనుక చెద తిన్న నోట్లను పారేయకుండా, దులిపి, విడదీసి, బ్యాంకుకు తీసుకుపోవాలి.

తొలకరి పడిన సాయంత్రం వీధి దీపం చుట్టూ ఉసుళ్ళు ముసురుకుంటాయి. పొద్దున లేచేసరికి గడప దగ్గర రెక్కలు కుప్పలుగా ఊడిపడి ఉంటాయి. పిల్లలు వాటిని ఊది ఆడుకుంటారు. ఆ ఉసుళ్ళు వేరే పురుగులు కావు, రెక్కలొచ్చిన చెదలే. జంట కలిసి, రెక్కలు రాల్చుకుని, మెత్తబడిన మట్టిలో దూరి కొత్త కాపురం పెడతాయి. దీపం దగ్గరికొచ్చిన ఉసుళ్ళు మన చీరల్నీ పుస్తకాల్నీ తినవు. ఆ పని చేసేవి మట్టిలో ఉండే కూలి చెదలు. వాటి ఒళ్లు పలచన, పొడిగాలి తగిలితే ఎండిపోతాయి. అందుకని నేల నుంచి గోడ మీదికి, గోడ నుంచి గుమ్మానికి, పెట్టె అడుగుకు మట్టితో సన్నని గొట్టంలా దారి కట్టుకుని, ఆ చీకటి తేమలో నడుస్తాయి.

ఆ మట్టి దారే మనకు దొరికే సాక్ష్యం. చాలామంది దాన్ని చీపురుతో గీకేసి ఊరుకుంటారు. వారం తిరిగేసరికి పక్కనే మరో దారి లేస్తుంది. గీకేముందు అది ఎక్కడ మొదలైందో చూడాలి. గోడా నేలా కలిసే పగులు దగ్గరా, స్నానాలగది తడిగోడ దగ్గరా, తలుపు చట్రం మొదట్లోనా? మందు పడవలసింది అక్కడ. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లయితే పునాది దశలోనే మట్టికి చెదల మందు పెట్టించుకోవాలి. దానికి ఐఎస్ 6313 అని భారతీయ ప్రమాణమే ఉంది. మేస్త్రీని అడగడానికి ఆ అంకె గుర్తుంటే చాలు.

పెట్టెల సంగతి ఇంకా సులువు. ట్రంకుపెట్టెను నేలకు ఆనించవద్దు, గోడకు ఆనించవద్దు. నాలుగు ఇటుకలు పేర్చి, గోడకు జానెడు ఎడంగా పెడితే చెద ఎక్కడానికి కట్టుకునే మట్టి దారి కంటికి కనిపించి తీరుతుంది. ఇనుపపెట్టె కదా, దానికేమవుతుందని అనుకోరాదు. తుప్పుపట్టిన అడుగులో ఆవగింజంత చిల్లు ఉంటే చాలు. పొలం పాసుపుస్తకాలు, రిజిస్ట్రీ కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దల ఫొటోలు ఉండేది సాధారణంగా అలాంటి పెట్టెల్లోనే.

కాగితం కంటే ముందు మనకు తాటాకు ఉండేది. గంటంతో చెక్కి, మసి రుద్ది రాసిన మన కావ్యాలన్నీ ఆకుల మీదే బతికాయి. పురుగూ తేమా కలిసి ఎన్ని గ్రంథాల్ని మింగాయో లెక్క చెప్పగలవారు లేరు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి, శిథిలమవుతున్న ప్రతుల్ని కొత్తగా రాయించాడు, పాఠాలు పోల్చి చూపించాడు. ఆకు పోయేలోగా మరో ప్రతి రాసుకోవడమే ఆ కాలంలో అసలైన రక్షణ. తాళ్లపాక వారు ముందుచూపుతో అన్నమయ్య కీర్తనల్ని రాగిరేకులకెక్కించారు. రాగిని తినే పురుగు లేదు. ఈనాడు సుమారు 14 వేల కీర్తనలు మన చేతుల్లో ఉన్నాయంటే ఆ రేకుల చలవే.

తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వేల తాళపత్రాలున్నాయి. వాటిలో తెలుగు గ్రంథాలూ ఉన్నాయి. అక్కడ సంప్రదాయంగా వాడుతూ వచ్చిన పొట్లం ఒకటుంది. వసకొమ్ము, నల్లజీలకర్ర, లవంగం, మిరియం, దాల్చినచెక్క పొడికొట్టి, కాస్త కర్పూరం చేర్చి, చిన్న గుడ్డసంచిలో కట్టి తాళపత్రాల మధ్య పెడతారు. పసిపిల్లలకు అరగదీసి నాకించే వసకొమ్మే పురుగుకు గిట్టదు. ఆ ఘాటు తగ్గిపోతుంది కనుక పొట్లం మార్చుతూ ఉండాలి. ఇంట్లో పాత పుస్తకాలున్నవాళ్లు అలాంటి పొట్లాన్ని అలమరలో పెట్టుకోవచ్చు. పుస్తకాల్ని గోడకు తగలకుండా, మరీ బిగించకుండా పేర్చి, ఏడాదికి రెండుసార్లయినా తీసి, పుటలు విప్పి దులిపితే మేలు. వెండిరంగులో చేపలా జారిపోయే పురుగు పుస్తకంలో కనిపిస్తే, అది అక్షరాల కోసం రాలేదు. అట్టకు రాసిన జిగురు కోసం, గంజి కోసం వచ్చింది.

ఆ గంజి మాట బీరువాకు కూడా వర్తిస్తుంది. నేతచీరకు గంజిపెట్టి, ఇస్త్రీచేసి, ఎన్నాళ్లో కట్టకుండా మడతపెట్టి ఉంచడం మన ఇళ్లలో మామూలు. ఆ వెండి పురుగుకు అంతకన్నా విందు లేదు. దాచే చీరకు గంజి పెట్టకూడదు. కట్టుకునే ముందు పెట్టుకోవచ్చు. ఇక పట్టు, ఉన్ని బట్టల్ని కొరికేది వేరే పురుగు. గోధుమరంగులో, వడ్లగింజ కన్నా చిన్నగా కనిపించే రెక్కల పురుగు. ఎగిరే పురుగు అసలు ఏమీ తినదు, దానికి తినే నోరే సరిగా ఉండదు. అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగులే నష్టమంతా చేస్తాయి. గద్వాల చీరనే తీసుకుంటే, సంప్రదాయం ప్రకారం దాని ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. గంజిపెట్టి దాస్తే ఒక్క చీర రెండు రకాల పురుగులకూ భోజనమవుతుంది.

పెళ్లిలో కట్టిన పట్టుచీరను ఆ రాత్రే మడిచి బీరువాలో పెట్టేస్తారు. చెమట, పన్నీరు, విస్తరి దగ్గర పడిన నేతిచుక్క, అన్నీ దానితోపాటే లోపలికి పోతాయి. పురుగు మొదట పట్టేది ఆ మరకల్నే. నీడలో ఆరేసి, శుభ్రం చేయించి, పాత నూలు పంచెలో చుట్టి దాచాలి. ప్లాస్టిక్ కవరులో కాదు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి చీరలు ఎలాగూ బయటికొస్తాయి. ఆ రోజుల్లోనే ఒక పొడిపూట చూసి అన్నిటినీ గాలికి ఆరేసి, పాత మడతల మీద కాక కొత్త మడతల్లో పెడితే, పురుగూ చేరదు, మడత దగ్గర పట్టూ చిట్లదు. వేపాకు పెట్టేవాళ్లు నీడలో గలగలలాడేట్టు ఎండబెట్టిన ఆకే వాడాలి. పచ్చి ఆకు పెడితే బీరువాలోకి తేమను మనమే తీసుకుపోయినట్టు.

నాఫ్తలీన్ ఉండల గురించి ఒక హెచ్చరిక తప్పదు. మనవాళ్లు వాటిని కలరా ఉండలంటారు. అవి గాలి తగిలి ఆవిరవుతాయి, ఆ ఆవిరే పురుగును చంపుతుంది. ఆ ఆవిరి బట్టల్లోనూ ఇంకుతుంది. కొందరు పసిపిల్లలకు పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము లోపం ఉంటుంది. నాఫ్తలీన్ పట్టిన బట్టలో చుడితే వాళ్లకు ఎర్ర రక్తకణాలు చితికిపోయి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఆ లోపం ఉందో లేదో పైకి కనిపించదు. బారసాలకో ఊయలకో పాత దుప్పట్లూ చీరలూ తీసేటప్పుడు, వాటిని ఉతికి ఎండబెట్టనిదే బిడ్డ దగ్గరికి చేర్చవద్దు. పసిబిడ్డ బట్టల దగ్గర ఆ ఉండలు అసలే వద్దు.

ఇప్పుడు వంటింటికి వద్దాం.

"డబ్బా మూత గట్టిగానే పెట్టాం, పురుగు ఎక్కడినుంచి వచ్చింది?" ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్న ఇది. చాలాసార్లు అది ఎక్కడినుంచీ రాలేదు, లోపలే ఉంది. బియ్యంలో తిరిగే ముక్కుపురుగు తల్లి, గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో గుడ్డు పెట్టి, జిగురుతో పూడ్చేస్తుంది. పైకి గింజ చక్కగానే ఉంటుంది. లోపల పిల్ల పురుగు గింజను తొలుచుకుంటూ పెరిగి, నెలరోజులకు పెద్ద పురుగై బయటికొస్తుంది. ఒక తల్లి తన జీవితంలో 300 దాకా గుడ్లు పెట్టగలదు. పెసల్లో, కందుల్లో, బొబ్బర్లలో పట్టే పుచ్చుపురుగు ఇంకా ముందే మొదలుపెడుతుంది. చేలో ఎండుతున్న కాయ మీదే గుడ్లు పెడుతుంది. గింజకు అంటుకున్న తెల్లని చుక్క కనిపిస్తే అది గుడ్డు. గుండ్రని చిల్లు కనిపిస్తే పురుగు బయటపడిపోయిందని అర్థం. అంటే సంతలో కొన్నప్పుడే పురుగునూ కొనుక్కొచ్చాం. వానాకాలపు వెచ్చదనం, తేమ దానికి పుట్టిల్లు.

కాబట్టి అసలు జాగ్రత్త గింజను డబ్బాలో పోసే ముందే ఉంది. పప్పుధాన్యాల్లో తేమ 9, 10 శాతానికి మించకుండా, వడ్లలో 12, 13 శాతం దగ్గర ఉంటే పురుగు సులువుగా పెరగలేదు. ఇంట్లో కొలిచే యంత్రం ఉండదు. పంటికింద వేస్తే గింజ నలగకుండా టక్కున విరగాలి, అదే మన అమ్మమ్మల కొలత. వైశాఖంలో మేడమీద కందులూ పెసలూ పోసి నాలుగు ఎండలు తగిలించేవాళ్లంటే అందుకే. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పోయకూడదు. గింజ బీటలువారి, వండేసరికి నూకవుతుంది. దాన్ని నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి.

ఎండ వేడిని పెంచే సులువైన పద్ధతి ఒకటుంది. మేడమీద గోనెపట్టా పరచి, దానిపై నల్ల ప్లాస్టిక్ పరదా వేసి, పప్పుగింజల్ని పలచగా పోసి, పైన అవతలివైపు కనిపించే ప్లాస్టిక్ పరదా కప్పి, అంచులు రాళ్లతో నొక్కాలి. మంచి ఎండలో గింజ వేడి 57 డిగ్రీలు దాటి గంటసేపు నిలిస్తే పురుగు గుడ్డుతో సహా చస్తుంది. విత్తనానికి దాచే గింజకు ఈ పద్ధతి పనికిరాదు, మొలక దెబ్బతినవచ్చు.

కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం తెలంగాణలోనూ రాయలసీమలోనూ పాత అలవాటు. మట్టి పొర గింజకూ పురుగు గుడ్డుకూ మధ్య అడ్డుగోడ. పుచ్చుపురుగుకు పొట్టున్న నిండు గింజంటేనే ఇష్టం, బద్దలంటే అంతగా రుచించదు. అందుకే కందులుగా దాచడం కంటే పప్పు ఆడించి దాచడం మేలు. ఇక ఆముదం. కిలో పప్పుకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, అరచేతులకు రాసుకుని గింజలన్నిటికీ పట్టేట్టు కలిపితే, ఆ నూనెపొర గుడ్డుకు ఊపిరాడకుండా చేస్తుంది. శాస్త్రజ్ఞులు పరీక్షించి నిజమేనని తేల్చిన ఇంటి వైద్యమిది. వండేముందు కడుక్కుంటే సరిపోతుంది.

ఊపిరాడకుండా చేయడమనే ఆ కిటుకే పాతరలోనూ ఉంది. జొన్నలు పండించే ఊళ్లలో భూమిలో గొయ్యి తవ్వి, లోపల గడ్డి పేర్చి, గింజ పోసి, పైన మట్టితో మూసేసేవారు. లోపలి గాలిలోని ప్రాణవాయువును గింజలూ పురుగులూ కలిసి వాడేసేవి. అది అయిపోగానే పురుగు చచ్చేది, గింజ మిగిలేది. పాతర తెరిచిన వెంటనే మనిషి దిగకుండా ముందు దీపం దించి చూసేవారంటే ఆ సంగతి వాళ్లకు తెలుసన్నమాట. సరిగ్గా అదే సూత్రంతో 1980ల చివర అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఆఫ్రికాలోని కామెరూన్ రైతుల బొబ్బర్ల కోసం మూడు పొరల సంచి పద్ధతిని రూపొందించారు. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు, పైన ఒక నేతసంచి. గాలి పిండి, ఒక్కొక్క మూతి విడిగా బిగించి కట్టాలి. మందు చుక్క అక్కర్లేదు.

వంటింటి డబ్బాకూ ఇదే వర్తిస్తుంది. గాలి చొరబడని డబ్బా నిండుగా ఉంటేనే పని చేస్తుంది. సగం ఖాళీ డబ్బాలో పురుగుకు కావలసినంత గాలి ఉంటుంది. రోజూ తీసే డబ్బా వేరు, నెలలపాటు దాచే డబ్బా వేరు చేసుకోవాలి. పాత బియ్యం అడుగున ఉండగానే కొత్త బియ్యం పోయడమే మనం చేసే పెద్ద పొరపాటు. డబ్బా ఖాళీచేసి, మూలల్లో ఇరుక్కున్న పిండినీ నుసినీ తుడిచి, ఎండలో బోర్లించి, ఆ తర్వాతే పోయాలి. పసుపుకొమ్ములు, ధనియాలు, శొంఠి, ఆఖరికి ఎండుమిరపకాయల్ని కూడా తినే చిట్టి గోధుమరంగు పురుగు ఒకటుంది. కారానికి ఏ పురుగూ రాదనుకోవద్దు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు రవ్వనూ పప్పునూ ఫ్రీజరులో పెడతారు. అది మంచి పద్ధతే. సున్నాకు 18 డిగ్రీలు దిగువన నాలుగైదు రోజులుంచితే గుడ్లు చస్తాయి. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, తీస్తే చెమ్మ పడుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన నిధిలో జొన్న, కంది, శనగ, వేరుశనగ విత్తనాల్ని బాగా ఎండబెట్టి, సున్నాకు 20 డిగ్రీల దిగువన దాస్తున్నారు. పొడిదనం, చల్లదనం. అక్కడా అదే సూత్రం.

అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసులో సోనామసూరి సంచి పెట్టే తల్లిదండ్రులకు ఒక మాట. ఖాప్రా అనే పెంకుపురుగు మన ఉపఖండానిది. దాని పిల్ల పురుగు తిండి లేకుండా ఏళ్లు నిద్రాణంగా ఉండగలదు. 1953లో అది కాలిఫోర్నియా గోదాముల్లో కనిపించింది, వదిలించుకోవడానికి ఆ దేశానికి పదేళ్లకు పైనే పట్టింది. అందుకే మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తీసుకురావడాన్ని అక్కడ అనుమతించరు. విమానాశ్రయంలో పారబోయడానికి ఇంటి బియ్యం మోసుకుపోవద్దు.

చివరగా విషాల సంగతి. బియ్యంలో బోరిక్ పౌడరు కలిపే అలవాటు మన ఇళ్లలో చాలాకాలంగా ఉంది. బోరిక్ ఆమ్లం తినే వస్తువు కాదు. కడిగితే పోతుందిలే అని పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని కలపడం తప్పు. ఆ అలవాటు మానేయాలి.

అంతకంటే భయంకరమైనది గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళ. కొందరు రైతులు వడ్ల బస్తాల మధ్య, కొందరు ఇళ్లలో బియ్యం డబ్బాలో కూడా పెడుతున్నారు. గాలిలోని తేమ తగలగానే ఆ బిళ్ళ నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. వానాకాలంలో ఇంకా వేగంగా వస్తుంది. పక్కగదిలో నిద్రపోతున్న పిల్లలు ఆ గాలి పీల్చి తెల్లారేసరికి చనిపోయిన ఘటనలు మన దేశంలో ఎన్నోసార్లు జరిగాయి. దానికి విరుగుడు మందు లేదు. గోదాముల్లో శిక్షణ పొందినవాళ్లు, బస్తాలకు గాలి చొరని పట్టాలు కప్పి, మనుషుల్ని దూరంగా ఉంచి వాడవలసిన మందు అది. పడుకునే ఇంట్లో దానికి చోటు లేదు. బియ్యంలో పురుగు పడితే చెరుగుకోవచ్చు, ఏరుకోవచ్చు, అదీ కాకపోతే కోళ్లకు వేయవచ్చు.

అమ్మల్లారా, అన్నల్లారా, ఈ సాయంత్రమే మీ ఇంట్లో ధాన్యపు గది చూడండి. ఆ బిళ్ళలు బస్తాల మధ్య కనిపిస్తే చేత్తో ముట్టుకోవద్దు, నీళ్లు చల్లవద్దు. పిల్లల్నీ ముసలివాళ్లనీ ముందు బయటికి పంపి, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, మీరూ బయటికి వచ్చేసి, ఊళ్లోని వ్యవసాయాధికారికి కబురు చేయండి. ఎవరికైనా వాంతి, ఆయాసం, తలతిరుగుడు ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.